ప్లేన్ ఈక్వేషన్ లెక్కలు: నార్మల్ దొరికితే సగం పని అయినట్టే

ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1బీల ప్లేన్, అంటే సమతలం, చాప్టర్ మస్తు చిన్నది, పరీక్షల రెండు మార్కుల ప్రశ్న లెక్క వస్తది గాబట్టి హన్మకొండ హాస్టళ్లల్ల ఎవ్వల్నడిగినా "అది బట్టీ కొట్టినం అన్నా, అయిపోయింది" అంటరు. బట్టీ కొడితే ఆ రెండు మార్కులు వస్తయ్, అబద్ధమెందుకు. కానీ అదే లెక్కను ఈఏపీసెట్‌ల జర తిప్పి అడిగేసరికి, అంటే ఒక పాయింట్ ఇచ్చి రెండు ప్లేన్లకు లంబంగ ఉండే ప్లేన్ కావాలె అన్నడనుకో, ఏ ఫార్ములా పెట్టాల్నో తెల్వక పెన్ను కొరుక్కుంట కూసుంటరు. జేఈఈ మెయిన్ సిలబస్‌లకెల్లి 2024ల ప్లేన్ తీసేసిండ్రు గానీ అడ్వాన్స్‌డ్‌ల ఉన్నది, ఈఏపీసెట్‌కు కూడ కావాలె, కాబట్టి వదిలేసుడు కుదరదు.

నేను చెప్పేది ఒక్కటే. ఏ ప్లేన్‌కైనా మనకు కావాల్సినవి రెండే, ప్లేన్ మీద ఒక పాయింట్, ప్లేన్‌కు నిటారుగ నిలబడే ఒక డైరెక్షన్, అదే నార్మల్. ఈ రెండు చేతికొస్తే ఈక్వేషన్ రాసుడు ఒక్క లైన్ పని. పేపర్ ఇచ్చేటాయన చేసేదల్లా ఆ నార్మల్‌ను ఒక్కో లెక్కల ఒక్కో తీరుగ దాచిపెట్టుడే. అందుకే లెక్క చదవంగనే "ఇది ఏ ఫార్ములా" అని కాదు, "నార్మల్ ఎక్కడ దాచిండు" అని వెతుకు.

ఎందుకు రెండే సరిపోతయ్ అంటే, నార్మల్ (ఏ, బీ, సీ) అనుకో, తెలిసిన పాయింట్ (ఎక్స్1, వై1, జెడ్1) అనుకో. ప్లేన్ మీద ఇంకో పాయింట్ (ఎక్స్, వై, జెడ్) ఎక్కడ పెట్టినా, తెలిసిన పాయింట్ నుంచి దానిదాక గీసిన వెక్టర్ ప్లేన్‌లనే పండుకోని ఉంటది, అంటే నార్మల్‌కు లంబంగ ఉంటది, లంబం అంటే డాట్ ప్రొడక్ట్ (రెండు వెక్టర్ల అంకెలను జతలు జతలుగ గుణించి కూడితే వచ్చేది) సున్నా. గంతే:

ఏ(ఎక్స్ − ఎక్స్1) + బీ(వై − వై1) + సీ(జెడ్ − జెడ్1) = 0

దీన్ని కూడ బ్రాకెట్లు విప్పుకుంట చేయకు, అక్కడనే మైనస్‌లు తారుమారు అయితయ్. పాయింట్ (1, −2, 3), నార్మల్ (2, 3, −1) ఇచ్చిండనుకో, ఎడమ దిక్కు 2ఎక్స్ + 3వై − జెడ్ అని రాసేయ్, అందుల్నే పాయింట్ పెట్టు, 2 − 6 − 3 = −7 వచ్చింది, అదే కుడి దిక్కు. ఆన్సర్ 2ఎక్స్ + 3వై − జెడ్ = −7. కావాలంటే +7 = 0 అని రాసుకో, రెండూ ఒకటే, కానీ ఆప్షన్లల్ల ఏ రూపంల ఇచ్చిండో చూస్కొని టిక్కు పెట్టు, ఎందుకంటే 7 ఏ దిక్కున ఉందో చూడక తప్పు పెట్టేటోళ్లే ఎక్కువ.

ఇగ మూడు పాయింట్ల లెక్క, ఇది అందరికీ తెలిసిందే గానీ ఎక్కువ టైం తినేది ఇదే. పుస్తకంల మూడు వరుసల డిటర్మినెంట్ పెట్టి సున్నాకు ఈక్వల్ చేస్తరు. అది తప్పేం కాదు, కానీ ఎక్స్, వై, జెడ్‌లను డిటర్మినెంట్ లోపల పెట్టి విప్పుడు నాకు నచ్చదు, ముందే నార్మల్ తీసుకుంటే అంకెలతోని పని అయిపోతది. ఏ(1, 2, 3), బీ(2, 4, 2), సీ(3, 1, 5) అనే పాయింట్లు తీసుకుందాం. మొదటి పాయింట్ నుంచి మిగిలిన రెండింటికి వెక్టర్లు తియ్యి: ఏబీ = (1, 2, −1), ఏసీ = (2, −1, 2). ఈ రెండూ ప్లేన్‌ల ఉన్నయ్, కాబట్టి రెండింటికీ లంబంగ ఉండేది నార్మల్, అంటే క్రాస్ ప్రొడక్ట్. 1ఏల ప్రొడక్ట్ ఆఫ్ వెక్టర్స్ చాప్టర్ చదివినోళ్లకు ఇది కొత్త కాదు.

క్రాస్ ప్రొడక్ట్‌ల నడిమి టర్మ్‌కు మైనస్ పెట్టుడు మర్చిపోయేటోళ్లకు ఒక ఉపాయం. ప్రతి వెక్టర్‌ను రెండో అంకె నుంచి మొదలుపెట్టి, రెండోది, మూడోది, మొదటిది, మళ్ల రెండోది అని నాలుగు అంకెలు రాయి:

2, −1, 1, 2
−1, 2, 2, −1

ఇప్పుడు పక్క పక్క జంటలు మూడు తీసుకొని అడ్డంగ గుణించు, ఎడమ పై నుంచి కుడి కిందికి పోయేది ప్లస్, కుడి పై నుంచి ఎడమ కిందికి పోయేది మైనస్. మొదటి జంటకు (2×2) − (−1×−1) = 3. రెండో జంటకు (−1×2) − (1×2) = −4. మూడోదానికి (1×−1) − (2×2) = −5. నార్మల్ (3, −4, −5). నడిమిదానికి వేరేగ మైనస్ పెట్టే పనే లేదు, దానంతటదే వచ్చేసింది.

ముందుకు పోకముందు అయిదు సెకన్ల చెకింగ్ చేయి, ఏబీతోని డాట్ 3 − 8 + 5 = 0, ఏసీతోని డాట్ 6 + 4 − 10 = 0. రెండూ సున్నా వచ్చినయ్ అంటే నార్మల్ కరెక్టే. ఇప్పుడు 3ఎక్స్ − 4వై − 5జెడ్‌ల మొదటి పాయింట్ పెడితే 3 − 8 − 15 = −20. ప్లేన్ 3ఎక్స్ − 4వై − 5జెడ్ + 20 = 0. సీ పాయింట్ పెట్టి చూడు, 9 − 4 − 25 + 20 = 0, సరిపోయింది. పక్కన కూసున్నోనికి 6ఎక్స్ − 8వై − 10జెడ్ + 40 = 0 వచ్చిందనుకో, లొల్లి పెట్టుకోకు, ఈక్వేషన్ మొత్తాన్ని రెండుతోని గుణించిండు గంతే, ప్లేన్ ఒకటే.

క్రాస్ ప్రొడక్ట్ చేస్తే (0, 0, 0) వచ్చిందా? నువ్వు తప్పు చేసినవని కొట్టేయకు, ఫస్టు పాయింట్లు చూడు. మూడూ ఒకటే లైన్ మీద ఉంటే అట్లనే వస్తది, ఆ లైన్ మీదికెల్లి ఎన్ని ప్లేన్లైనా పోతయ్, ఒక్కటని చెప్పలేం.

"ఇది బయట దేనికి పనికొస్తది" అని అడిగేటోళ్ల కోసం ఒక లెక్క. నర్సంపేట దిక్కు ఒక రైతు మిర్చి పోసుకునేటందుకు రేకుల షెడ్డు వేస్తుండు అనుకుందాం, కింద 20 అడుగులు పొడుగు, 12 అడుగులు వెడల్పు, భూమి లెవల్‌గనే ఉన్నది. ఒక మూల పోల్ 12 అడుగులు, పొడుగు దిక్కు అవతలి మూల 10 అడుగులు, వెడల్పు దిక్కు అవతలి మూల 9 అడుగులు పెట్టిండు. నాలుగో మూల ఎంత ఎత్తుల కొయ్యాలె? మూలలను పాయింట్లుగ రాస్తే (0, 0, 12), (20, 0, 10), (0, 12, 9). వెక్టర్లు (20, 0, −2), (0, 12, −3). క్రాస్ చేస్తే (24, 60, 240), అన్నీ 12తోని పోతయ్ కాబట్టి (2, 5, 20). పెద్ద అంకెలు వచ్చినప్పుడు గిట్ల కామన్ తీసేసుడు మర్చిపోవద్దు, నార్మల్ పొడుగుతోని మనకు పని లేదు, డైరెక్షన్ ఒక్కటే కావాలె. ప్లేన్:

2ఎక్స్ + 5వై + 20జెడ్ = 240

నాలుగో మూల కింద (20, 12). పెడితే 40 + 60 + 20జెడ్ = 240, జెడ్ = 7 అడుగులు. నట్టనడుమ ఒక సపోర్ట్ పోల్ పెట్టాలంటే (10, 6) పెట్టు, 20 + 30 + 20జెడ్ = 240, తొమ్మిదిన్నర అడుగులు. మేస్త్రీ ఇదంతా దారం కట్టి చూసుకుంటడు, ఆయనకు ఈక్వేషన్ అక్కర్లేదు, అది వేరే ముచ్చట. కానీ ఇందుల ఒక మంచి సంగతి ఉన్నది, ఎదురెదురు మూలలు కూడితే సమానం వస్తది, 12 + 7 = 19, 10 + 9 = 19. కింద సమాంతర చతుర్భుజం ఉండి పైన ప్లేన్ ఉంటే ఎప్పుడైనా అంతే. నాలుగో పోల్ 8 అడుగులు పెట్టిండనుకో, నాలుగు కొసలు ఒక ప్లేన్‌ల ఉండవు, రేకు మెలికపడతది. రేకు వాలు కూడ నార్మల్‌తోనే దొరుకుతది, నార్మల్‌కు నిటారు గీతకు నడిమి కోణం కొసైన్ 20/√429, అంటే దగ్గర దగ్గర 15 డిగ్రీలు.

ఇప్పుడు నార్మల్‌ను దాచే తీర్లు చూద్దాం, ఇక్కడ జర నిమ్మళంగ చదువు.

అల్కటిది, ఇచ్చిన ప్లేన్‌కు ప్యారలల్‌గ కావాలె అంటడు. ప్యారలల్ ప్లేన్లకు నార్మల్ ఒకటే, కాపీ కొట్టుడే. 2ఎక్స్ − వై + 3జెడ్ = 7 కు ప్యారలల్‌గ (4, 1, −2) మీదికెల్లి అంటే 8 − 1 − 6 = 1, ఆన్సర్ 2ఎక్స్ − వై + 3జెడ్ = 1. అయిపోయింది.

రెండు పాయింట్లను కలిపే లైన్‌ను సరిగ్గ సగంల లంబంగ కోసే ప్లేన్ అడిగితే ఆ లైన్ డైరెక్షనే నార్మల్, మిడ్ పాయింట్ మన పాయింట్. (2, 0, 6), (4, 6, −2) ఇచ్చిండు. తీసేస్తే (2, 6, −8), కామన్ తీస్తే (1, 3, −4). మిడ్ పాయింట్ (3, 3, 2). ప్లేన్ ఎక్స్ + 3వై − 4జెడ్ = 3 + 9 − 8 = 4. ఇదే లెక్కను "రెండు పాయింట్లకు సమాన దూరంల ఉండే పాయింట్ లోకస్ ఏంది" (అంటే అట్లాంటి పాయింట్లన్నీ కలిస్తే ఏమైతది) అని కూడ అడుగుతరు, లోకస్ అనంగనే దూరాల వర్గాలు రాసి పేజీ నింపకు, ఆన్సర్ గిదే. నమ్మకం లేకపోతే ప్లేన్ మీద (4, 0, 0) తీసుకొని రెండు దిక్కులా దూరం చూడు, రెండింటికీ √40 వస్తది.

మూల బిందువు నుంచి ప్లేన్ మీదికి గీసిన లంబం పాదం (2, −1, 4) అని ఇస్తే చాలామంది ఏదో తక్కువ ఇచ్చిండు అనుకుంటరు. తక్కువేం లేదు, ఒక్క పాయింట్‌లనే రెండూ ఉన్నయ్. సున్నా నుంచి అక్కడిదాక వచ్చిన గీత ప్లేన్‌కు లంబం, కాబట్టి నార్మల్ (2, −1, 4), పాయింట్ కూడ అదే. 2ఎక్స్ − వై + 4జెడ్ = 4 + 1 + 16 = 21. ఇది బోర్డు పరీక్షలకు మంచి రెండు మార్కుల లెక్క, పది సెకన్ల పని.

రెండు ప్లేన్లకు లంబంగ ఉండే ప్లేన్ అంటే ఆ రెండింటి నార్మల్స్ మనకు కావాల్సిన ప్లేన్‌ల పండుకోని ఉంటయ్, కాబట్టి వాటి క్రాస్ ప్రొడక్ట్ మన నార్మల్. దీని తమ్ముడే రెండు పాయింట్ల మీదికెల్లి పోయి ఒక ప్లేన్‌కు లంబంగ ఉండేది. (1, −1, 2), (2, 1, 1) మీదికెల్లి, ఎక్స్ + వై + 2జెడ్ = 3 కు లంబంగ కావాలె అనుకో. పాయింట్లను కలిపే వెక్టర్ (1, 2, −1), ఇచ్చిన ప్లేన్ నార్మల్ (1, 1, 2), రెండూ మన ప్లేన్‌కు ప్యారలలే. క్రాస్ చేస్తే (5, −3, −1). ప్లేన్ 5ఎక్స్ − 3వై − జెడ్ = 5 + 3 − 2 = 6. ఇక్కడ పొరపాటు ఎక్కడ అయితదంటే, లంబం అనే మాట చూడంగనే ఇచ్చిన ప్లేన్ నార్మల్‌నే తీసుకొచ్చి మన నార్మల్‌గ పెట్టేస్తరు. నార్మల్ సేమ్ ఉంటే అది ప్యారలల్ అయితది గానీ లంబం కాదు.

లైన్‌తోని ఇచ్చినా అదే పద్ధతి. ఒక లైన్, దాని బయట ఒక పాయింట్ ఇచ్చిండు, ఆ లైన్ (1, 0, −1) మీదికెల్లి (2, 3, 1) దిక్కుకు పోతది, బయటి పాయింట్ (2, 1, 1). లైన్ మీది పాయింట్ నుంచి బయటి పాయింట్‌కు వెక్టర్ (1, 1, 2), దానికి లైన్ డైరెక్షన్ (2, 3, 1) తోని క్రాస్ చేస్తే (−5, 3, 1), గుర్తులు మారిస్తే (5, −3, −1), ప్లేన్ 5ఎక్స్ − 3వై − జెడ్ = 6. పైన లెక్కల వచ్చిన ప్లేనే మళ్ల వచ్చింది చూడు, కావాల్ననే అట్ల అంకెలు పెట్టిన, ఒకే ప్లేన్‌ను ఎన్ని తీర్ల అడగొచ్చో తెలువాలె అని.

రెండు లైన్లు ఉండే ప్లేన్ అడిగితే మాత్రం ఆగి చూడు. కలుసుకునే లైన్లైతే రెండు డైరెక్షన్ల క్రాస్ తీస్తే సరిపోతది. ప్యారలల్ లైన్లైతే డైరెక్షన్లు ఒకటే కాబట్టి క్రాస్ సున్నా వస్తది, అప్పుడు ఒక లైన్ మీది పాయింట్ నుంచి ఇంకో లైన్ మీది పాయింట్‌కు వెక్టర్ తీసి, దాన్ని డైరెక్షన్‌తోని క్రాస్ చేయాలె. ఇగ స్క్యూ లైన్లైతే, అంటే కలుసుకోవు, ప్యారలల్ కూడ కావు అన్నట్టు, అసలు ప్లేనే ఉండదు. ఎట్ల తెలుస్తది అంటే, వచ్చిన ఈక్వేషన్‌ల రెండో లైన్ మీది పాయింట్ పెట్టు, సరిపోకపోతే అవి ఒక ప్లేన్‌ల లేనట్టే.

రెండు ప్లేన్లు కలుసుకునే లైన్ మీదికెల్లి, ఇంకో పాయింట్ మీదికెల్లి పోయే ప్లేన్. నార్మల్ వెతకకుండ చేసే లెక్కలల్ల ఇదొకటి. మామూలుగ మొదటి ప్లేన్ + లాంబ్డా × రెండో ప్లేన్ = 0 అని రాసి, పాయింట్ పెట్టి, లాంబ్డా తీసి, మళ్ల పెట్టి గుణించుకుంట కూసుంటం, భిన్నాలు వచ్చేసరికి చికాకు లేస్తది. నేను లాంబ్డా రాయనే రాయను. ఎక్స్ + 2వై − జెడ్ − 4 = 0, 3ఎక్స్ − వై + జెడ్ + 1 = 0, పాయింట్ (2, 0, 1). మొదటిదాంట్ల పాయింట్ పెడితే −3, రెండోదాంట్ల పెడితే 8. ఇప్పుడు మొదటిదాన్ని 8తోని గుణించి, అందులోకెల్లి రెండోదాన్ని −3తోని గుణించి తీసేయ్, అంటే 8 రెట్లు మొదటిది + 3 రెట్లు రెండోది. 17ఎక్స్ + 13వై − 5జెడ్ − 29 = 0. పాయింట్ పెడితే 34 − 5 − 29 = 0. బోర్డు పరీక్షల మాత్రం లాంబ్డాతోనే రాయి, దిద్దేటాయనకు స్టెప్పులు కనవడాలె. ఇంకోటి, పాయింట్ రెండో ప్లేన్ మీదనే ఉంటే లాంబ్డా పద్ధతిల ఆన్సర్ రానే రాదు, ఎందుకంటే ఆ రాతల రెండో ప్లేన్ ఇమిడి ఉండదు, అప్పుడు ఆన్సర్ ఆ రెండో ప్లేనే. నేను చేసిన తారుమారు గుణింతంల ఆ తిప్పల లేదు.

ఇంటర్‌సెప్ట్ ఫామ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఇంటర్‌సెప్ట్‌లు, అంటే ప్లేన్ మూడు యాక్సిస్‌లను కోసే చోట్లు, 2, 3, −4 అంటే ఎక్స్/2 + వై/3 − జెడ్/4 = 1, 12తోని గుణిస్తే 6ఎక్స్ + 4వై − 3జెడ్ = 12. దీంట్ల అడిగే ట్విస్ట్ ఒకటే, యాక్సిస్‌లను కోసిన మూడు పాయింట్ల త్రిభుజం సెంట్రాయిడ్ (మూడు మూలల సగటు పాయింట్) ఇస్తడు. (1, 2, 4) ఇచ్చిండంటే ప్రతి అంకెను మూడింతలు చేయి, 3, 6, 12 ఇంటర్‌సెప్ట్‌లు, ప్లేన్ 4ఎక్స్ + 2వై + జెడ్ = 12. మూల బిందువు మీదికెల్లి పోయే ప్లేన్‌కు ఈ ఫామ్ పనిచేయదు.

నార్మల్ ఫామ్‌కు, అంటే నార్మల్ పొడుగు 1 ఉండే రూపానికి, మార్చమంటే ముందు కుడి దిక్కు ప్లస్ ఉండేటట్టు చేస్కో, తర్వాత నార్మల్ పొడుగుతోని భాగించు. 2ఎక్స్ − 2వై + జెడ్ + 12 = 0 ఉంటే −2ఎక్స్ + 2వై − జెడ్ = 12, పొడుగు √9 = 3, భాగిస్తే కుడి దిక్కు 4, అదే మూల బిందువు నుంచి ప్లేన్ దూరం. కుడి దిక్కు మైనస్ 4 ఉంచి వదిలేస్తే మార్కు పోతది, దూరం మైనస్ ఉండదు గద. దీనికి ప్యారలల్‌గ, మూల బిందువు నుంచి 2 దూరంల ఉండే ప్లేన్ అడిగితే 2ఎక్స్ − 2వై + జెడ్ = 6 ఒకటి, = −6 ఇంకోటి, రెండు దిక్కులా ఉంటయ్, ఒక్కటి రాసి ఆగకు.

ఇంట్ల ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫోన్‌ల జియోజీబ్రా 3డి యాప్ ఏసుకో, ఫ్రీగనే దొరుకుతది, ఈక్వేషన్ కొట్టి పాయింట్లు కొడితే ప్లేన్ మీద కూసున్నయో లేదో కండ్లతోని కనవడతది, వేలుతోని తిప్పుకుంట చూస్తే పేపర్ మీద అర్థం కాని లంబం ముచ్చట అక్కడ ఊకెనే తెలుస్తది.

ఈఏపీసెట్‌ల 160 ప్రశ్నలల్ల 80 మ్యాథ్స్‌వే, మూడు గంటల టైం, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ప్లేన్ లెక్క వస్తే మొత్తం చేయకు. ఇచ్చిన పాయింట్‌ను నాలుగు ఆప్షన్లల్ల పెట్టు, మామూలుగ రెండు అక్కడనే పోతయ్. మిగిలినవాటి నార్మల్‌ను, ప్లేన్‌ల పండుకోని ఉండాల్సిన డైరెక్షన్ ఇచ్చిండంటే, దానితోని డాట్ చేయి, సున్నా రానిది తీసేయ్. ఇంకా రెండు మిగిలితేనే క్రాస్ ప్రొడక్ట్ మొదలుపెట్టు.